పాలు తాగినంక వచ్చే అమ్మ

మా సెంటరులో పిల్లలకు నేర్పేది చాలా తక్కువ. అక్షరాలు దిద్దించం. ఇంగ్లీషు పాటలు లేవు. గోడ మీది ఏనుగు బొమ్మకు రంగు వెలిసి తొండం ఏదో కాలు ఏదో తెలియకుండా పోయింది. బోర్డు మీద శిశు సంరక్షణ కేంద్రం అని రాసి ఉంటుంది కానీ కోరుట్లలో మా వాడకట్టులో ఆ పేరు ఎవరూ పలకరు, సెంటర్ అంటారు. పొద్దున తొమ్మిదికి తల్లులు పిల్లలను దించి పనులకు పోతారు, సాయంత్రం ఐదుకు వచ్చి తీసుకుపోతారు. మధ్యలో పిల్లలు తింటారు, ఆడుకుంటారు, పడుకుంటారు, లేచి పాలు తాగుతారు. దీనికి మళ్లీ ఒక పద్ధతేమిటని నన్ను చాలామంది అడిగారు. ఉంది. పిల్లకు చెప్పకుండా తల్లి గడప దాటకూడదు. చెప్పిన వేళకు రాకుండా ఉండకూడదు. ఈ రెండూ నిలబడితే అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం, జబ్బు చేసినప్పుడు చూసుకోవడం అన్నీ వాటంతట అవే నడుస్తాయి. ఈ రెండూ లేకపోతే ఎన్ని బొమ్మలు కొన్నా లాభం లేదు.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. పుట్టిందీ మెట్టిందీ సిరిసిల్లలోనే. మా ఇంట్లో ముందు చేమగ్గాలుండేవి, తరువాత మరమగ్గాలు వచ్చాయి. వాటిని అక్కడ సాంచాలు అంటాం. నూలు కండెలు చుట్టడానికి వచ్చే ఆడవాళ్లు చంటిపిల్లలను షెడ్డులోనే దూలానికి చీర కట్టి ఊయలలో వేసేవారు. ఆ మోతలో పిల్లలు గాఢంగా నిద్రపోయేవారు. కరెంటు పోయి సాంచాలు ఆగితే మాత్రం అందరూ ఒక్కసారి ఉలిక్కిపడి లేచేవారు. నడక వచ్చిన పిల్లలను సాంచాల మధ్య వదలడం ప్రమాదం కాబట్టి, వాళ్లను పక్క గదిలో నేను చూసుకునేదాన్ని. తల్లులు చేతిలో బెల్లం ముక్క పెట్టి, అదిగో కాకి అని చూపించి, వెనుక నుంచి జారుకునేవారు. పిల్ల తిరిగి చూస్తే అమ్మ ఉండదు. ఆ పిల్లలకు బెల్లం మీద ప్రేమ ఉండేది కాదు. సాయంత్రం తల్లి కనబడితే కొంగు వదిలేవారు కాదు, ఆమె నీళ్లకు లేచినా వెంటపడేవారు. ఎప్పుడు మాయమవుతుందో తెలియని మనిషిని రెప్ప వేయకుండా కావలి కాయాలి కదా. అన్నం తినేటప్పుడు కూడా ఆ పిల్లలు కావలి కాస్తూనే ఉండేవారు.

మా ఆయన పోయిన తరువాత కోరుట్లలో చెల్లెలి ఇంటికి దగ్గరగా వచ్చి ఉన్నాను. సెంటరు పెడుతున్నవారు పిల్లలను చూసే పెద్ద మనిషి కావాలని వెతుకుతుంటే, చెల్లెలు నా పేరు చెప్పింది. కాకిని చూపించడం ఉండదు, ఒప్పుకుంటేనే వస్తాను అన్నాను. వాళ్లు నవ్వి ఒప్పుకున్నారు.

కొత్త పిల్ల వస్తే మొదటి రోజు తల్లి కూడా కూర్చోవాలి. రెండో రోజు తల్లి లేచి, పిల్ల కళ్లలోకి చూసి, నీళ్లు తాగి వస్తానని చెప్పి, నీళ్లు తాగి రావాలి. మరునాడు వీధి చివరి కొట్టుదాకా. ఆ పైన అన్నం వేళదాకా. ప్రతిసారీ చెప్పాలి, చెప్పినట్లే రావాలి. పిల్ల ఏడుస్తుంది. ఏడవనివ్వాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, అవును, అమ్మ పోయింది, నీకు బాధగా ఉంది, అమ్మ మళ్లీ వస్తుంది అనాలి. మూడేళ్ల పిల్లకు ఐదు గంటలంటే తెలియదు. అందుకని మా దగ్గర కాలాన్ని పనులతో చెబుతాం. అన్నం తింటావు, పడుకుంటావు, లేచి పాలు తాగుతావు, పాలు తాగినాక అమ్మ వస్తుంది. పాలు నేను నాలుగున్నరకు పొయ్యి మీద పెడతాను. ఒక్కొక్కరికి ఒక స్టీలు గ్లాసు, లోపలి గీత దాకా, ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. గ్లాసులు కడిగి బోర్లించేసరికి తల్లులు గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమైన తల్లిని నేను ఊరికే వదలను. దానికి నా మీద వెక్కిరింతలు కూడా ఉన్నాయి. మా ఆయా ఒకసారి నేను వింటుండగానే ఒక తల్లితో అంది: “ఉరుకు అక్కా ఉరుకు. పెద్దమ్మ తుమ్మాలన్నా గడియారం చూసి తుమ్ముతది. ఐదు దాటిందంటే నిన్ను గూడ పండవెట్టి పాలు తాపుతది.”

నేను చెప్పదలచిన పిల్ల మా దగ్గరకు వచ్చేనాటికి ఆమెకు రెండేళ్లు నిండి ఏడో నెల నడుస్తోంది. చేరిన తేదీ నా దగ్గర ఉంది, ఇక్కడ రాయను. వాళ్లది మెట్‌పల్లి దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు పల్లె. తండ్రి మస్కట్‌లో బిల్డింగ్ పనిలో ఉంటే, తల్లి పిల్లతో కోరుట్లకు వచ్చి గది తీసుకుని, చీరల షాపులో పనికి కుదిరింది. మొదటి రోజు ఆమె కూడా అందరిలాగే వెనుక నుంచి జారుకోబోయింది. గేటు దగ్గర నేను చెయ్యి పట్టుకుని వెనక్కు తెచ్చాను. నాలుగో రోజుకు పద్ధతి పట్టుబడింది. ఆ తరువాత అంత బాగా చేసిన తల్లిని నేను చూడలేదు. పొద్దున వంగి, పిల్ల గదవ పట్టుకుని, పోయొస్త బిడ్డా అనేది. పిల్ల ప్రతిరోజూ అదే మాట అడిగేది.

“పాలు తాగినంకనా?”

“ఆ, పాలు తాగినంక.”

అంతే, పిల్ల చెయ్యి వదిలి లోపలికి పోయేది. ఏడాదిలో తల్లి ఆలస్యమైంది ఒక్కసారే. పెళ్లిళ్ల కాలంలో షాపువాళ్లు ఆపేశారు. పాలు పొయ్యి మీద పెట్టకముందే నాకు ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని పిల్లకు ముందే చెప్పమని అడిగింది. నేను చెప్పాను. పిల్ల విని, సరేనని ఆటకు పోయింది. చెప్పిన మాట నిలుస్తుందని నమ్మిన పిల్ల ఎలా ఉంటుందో చూడాలంటే ఆమెను చూడాలి. తిండి దగ్గర పేచీ లేదు. మధ్యాహ్నం చాప మీద వాలగానే నిద్ర. గేటు చప్పుడైతే మిగతా పిల్లలు తలలు తిప్పేవారు, ఆమె తిప్పేది కాదు. ఇంకా పాల వేళ కాలేదని ఆమెకు తెలుసు.

తరువాతి ఎండాకాలంలో తండ్రి తిరిగి వచ్చాడు. పరంజా మీద నుంచి పడి నడుము పోయింది. కర్రతో నడవగలడు, బరువు ఎత్తలేడు. ఇంట్లో ఆయన కూర్చున్నాక ఎవరో ఒకరు లేవాలి. తల్లి ఒకనాడు గ్లాసులు కడిగే వేళకు ముందుగానే వచ్చి నా పక్కన కూర్చుంది.

“పెద్దమ్మా, నేను మస్కట్ పోతున్న. ఇంటిపని. రెండేండ్లు.”

పిల్లకు చెప్పావా అని అడిగాను. పసిదానికి ఏం చెప్పాలని, అది నిద్రపోయినప్పుడు పోతే అయిపోతుందని అంది. వాళ్ల ఆయన కూడా అలాగే పోయాడట. అక్కడి పల్లెల్లో అందరూ అలాగే పోతారు. గల్ఫ్‌కు బయలుదేరే మనిషి చెవిన ఏడుపు పడకూడదని నమ్మకం. ప్రయాణం నాడు చిన్నపిల్లలను పక్కింటికి పంపుతారు, లేకపోతే నిద్రలో ఉండగా మెల్లగా సంచి ఎత్తుతారు. పొద్దున లేచిన పిల్లకు, మీ బాపు నీకు బొమ్మలు తేవడానికి పోయాడని చెబుతారు. బొమ్మలు వస్తాయి కూడా, రెండేళ్లకో మూడేళ్లకో. అప్పటికి ఆ పిల్లకు బొమ్మలతో ఆడే వయసు దాటి ఉంటుంది.

“నిద్రల పోతే ఇగ అది నిద్రవోదు బిడ్డా. చెప్పి పో. ఏడుస్తది, ఏడ్వనియ్యి. నువ్వు గూడ ఏడు.”

“నేను ఏడిస్తే పోలేను పెద్దమ్మా.”

అయినా ఆమెకు ఎలా చెప్పాలో కూర్చోబెట్టి చెప్పాను. విమానంలో దూరం పోతున్నావని చెప్పు. పాలు తాగినంక బాపు వస్తాడని చెప్పు. ఫోన్‌లో కనబడతావని చెప్పు. రెండేళ్లంటే దానికి అర్థం కాదు, రెండు బతుకమ్మలు ఆడినాక వస్తానని చెప్పు. చెప్పిన మరునాడు ఇక్కడికి వచ్చి దానితో కూర్చో, మొదటి రోజు కూర్చున్నట్టు. ఆమె అన్నిటికీ తల ఊపింది. ఒక్కొక్క మాటా నాకు తిరిగి అప్పజెప్పింది. ప్రయాణం వచ్చే వారం చివర ఉంది కాబట్టి ఆదివారం ఇంట్లో తీరికగా చెబుతానని, సోమవారం వచ్చి కూర్చుంటానని అంది. అలా జరిగి ఉంటే ఆ పిల్ల వారమంతా ఏడ్చి ఉండేది. ఆ ఏడుపు నేను మోసేదాన్నే, నాకు ఆ పని వచ్చు.

ఆ శుక్రవారం పొద్దున ఆమె పిల్లను దించడానికి షాపు చీర కట్టుకోకుండా చుడీదారులో వచ్చింది. అడిగితే, షాపుకు సెలవు పెట్టానని, కాగితాల పని ఉండి జగిత్యాల పోతున్నానని చెప్పింది. అందులో అబద్ధం లేదు, జగిత్యాల మీదుగానే పోయింది. ఎప్పటిలాగే వంగింది. గదవ పట్టుకుంది. ఏదో చెప్పడానికి వచ్చిన మనిషిలాగే ఉంది. అంతలో పిల్ల రోజూ అడిగే మాట అడిగింది.

“పాలు తాగినంకనా?”

“ఆ,” అంది తల్లి. “పాలు తాగినంక.”

పిల్ల చెయ్యి వదిలి లోపలికి పోయింది. తల్లి గేటు దాటి, తిరిగి చూడకుండా నడిచిపోయింది. నేను తొమ్మిది గంటల హాజరు వేస్తున్నాను.

సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే గేటు దగ్గర కర్ర చప్పుడైంది. తండ్రి. ఎండకు నడిచి వచ్చి చెమటతో నిలబడ్డాడు. నేను ఆయన ముఖం చూసి గేటు బయటికే పోయాను, పిల్ల చెవిన పడకుండా.

“టికెట్ ముందటికి జరిగిందట పెద్దమ్మా. రాత్రి ఏజెంట్ ఫోన్ చేసిండు. ఇయ్యాలనే పోవుడు.”

“పిల్లకు చెప్పకుంటనా?”

“పొద్దుగాల చెప్పుదామనే అచ్చింది. మా అవ్వ ఏడ్పుల మీద బయలెల్లద్దన్నది.” ఆయన కర్ర వైపు చూస్తూ అన్నాడు. “ఈడైతే పిల్ల మంచిగుంటది, ఏడ్వది అని మా ఆమె అన్నది. మీ దగ్గర అలవాటున్నది గద.”

అలవాటు. ఏడాది పాటు మేము కట్టిన నమ్మకాన్ని వాళ్లు కాకిని చూపించినట్టు చూపించి, దాని చాటున జారుకున్నారు. కాకికి ఒక పిల్ల ఒకటి రెండుసార్లే మోసపోతుంది. ఈ నమ్మకం చెడడానికి ఒక్కసారి చాలు. నడుము పోయిన మనిషిని నిలబెట్టి ఏమంటాను?

పిల్ల బయటికి వచ్చి తండ్రిని చూసింది, తండ్రి వెనుక వీధిని చూసింది. తిరిగి లోపలికి పోయి ఆయాను ఇంకొక గ్లాసు పాలు అడిగింది. ఎప్పుడూ రెండో గ్లాసు అడిగిన పిల్ల కాదు. గిన్నెలో నా టీకి ఉంచుకున్న పాలున్నాయి, ఇచ్చాను. నిలబడే తాగింది. మూతి తుడుచుకుని గేటు దగ్గరకు వచ్చి మళ్లీ వీధి చూసింది. రోజూ తాగినన్ని చాలలేదేమో అనుకుంది పిల్ల.

నా మోకాళ్లు వంగవు. అయినా కింద కూర్చుని చెప్పాను. తల్లి చెప్పాల్సిన మాటలన్నీ నేనే చెప్పాను. అమ్మ విమానంలో దూరం పోయింది, ఇవాళ రాదు, రేపు రాదు, రెండు బతుకమ్మలు ఆడినాక వస్తుంది. పిల్ల ఏడవలేదు. నా ముఖం వంక చూసింది, తరువాత తండ్రి వేలు పట్టుకుని పోయింది. పొద్దున అమ్మ ఒక మాట చెప్పింది, సాయంత్రం అమ్మమ్మ ఒక మాట చెబుతోంది. పిల్లలందరూ నన్ను అమ్మమ్మ అంటారు. రెండింటిలో ఏది నమ్మాలో ఆమె తేల్చుకోవాలి.

మరునాటి నుంచి ఆమె పాలు తాగడం మానేసింది. గ్లాసు తీసుకునేది, వద్దనేది కాదు. రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పాల మీద మీగడ కట్టేది, చల్లారిపోయేది. మిగతా పిల్లలు తాగి, తల్లులు వచ్చి, వాళ్లు వెళ్లిపోయినా గ్లాసు నిండుగానే ఉండేది. తండ్రి వచ్చి పిలిస్తే గ్లాసు నేల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లేది. మా ఆయా బతిమాలింది, చక్కెర వేసింది, కోపం చేసింది. ఒకరోజు నేను పక్కన కూర్చుని, తాగు బిడ్డా, పాలు తాగినా తాగకపోయినా అమ్మ ఇవాళ రాదు అన్నాను.

“నేనింకా తాగలే గద,” అంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆమె తాగనంతవరకు అమ్మ చెప్పిన వేళ రాలేదు. వేళ రాలేదు కాబట్టి అమ్మ మాట తప్పలేదు. మూడున్నరేళ్లు దాటిన పిల్ల, తల్లి మాటను ఒక గ్లాసులో పెట్టుకుని ఒలకకుండా కాపాడుతోంది. తరువాత నేను తాగమని అడగలేదు. ఆయాను కూడా అడగనివ్వలేదు. ఆ పాలు రోజూ నేనే తీసుకుపోయి పారబోసేదాన్ని. నేను వస్తువు వృథా చేసే మనిషిని కాను.

మిగతా పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. పొద్దున గేటు దగ్గర ఏడుపులు మొదలయ్యాయి, ఏడాదిగా ఏడవని పిల్లలు కూడా. పాలు తాగినంక వస్తానంటే, నిజంగానా అని ఒక పిల్ల అడిగింది. తల్లులకు పనికి ఆలస్యమవుతోంది. ఒకామె వెనుక వాకిలి నుంచి జారుకుంది. మరునాడు ఇద్దరు. నేను గేటు దగ్గర నిలబడితే వాళ్లు వంటగది వైపు నుంచి పోయేవారు.

సెంటరు నడిపేవారి ఆఫీసు జగిత్యాలలో ఉంది. బస్సెక్కి పోయి అక్కడి మేడమ్‌కు అంతా చెప్పాను. నా మనుమరాలి వయసు ఉంటుంది, ఓపికగా విన్నది, టీ తెప్పించింది. తప్పు ఎవరిదీ కాదంది. తల్లులకు వీలైనట్టు పోనివ్వండి, ఒక పాట పెట్టి పిల్లల దృష్టి మళ్లిస్తే కొన్నాళ్లకు సర్దుకుంటారు అంది. మీరు మరీ కచ్చితంగా ఉంటారమ్మా అని నవ్వింది. ఆమె చెడ్డది కాదు. ఏడ్చే పిల్లలతో, తిట్టుకునే తల్లులతో సెంటరు నడవదు, మూతపడితే ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? నాకు అది కూడా తెలుసు. తిరుగు బస్సులో మెట్‌పల్లి పోయే వాళ్లు నిండా ఉన్నారు, కోరుట్ల దాకా నిలబడే వచ్చాను. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు ఒక దారి దొరకలేదు. పెద్దలు మాట నిలుపుకుంటేనే నడిచే పద్ధతి ఇది. ఇక్కడి పెద్దలకు మాట నిలుపుకునే వీలు లేదు. షాపు యజమాని వదిలితే, విమానం టికెట్ జరగకపోతే, నడుము విరగకపోతే నిలుపుకోగలరు.

ఆ తరువాతి వారం నుంచి పొద్దున తొమ్మిదికి ఫోన్‌లో పాట పెడుతున్నారు. పిల్లలు అటు తిరుగుతారు, తల్లులు ఇటు పోతారు.

వానాకాలం నడుమ ఒకరోజు ఆ పిల్ల పాలు తాగింది. ముందు రోజుకూ ఆ రోజుకూ తేడా ఏమీ లేదు. గ్లాసు తీసుకుంది, వేడి తగ్గేదాకా ఊదింది, తాగింది, కడిగే చోట పెట్టింది. మా ఆయా సంతోషంతో ఆమెను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. సాయంత్రం తండ్రికి చెబితే ఆయన ముఖం వెలిగింది. ఇప్పుడు పిల్ల పొద్దున పాట వేళ ఏడవదు, సాయంత్రం ఎవరు వచ్చినా పోతుంది, రాకపోయినా అడగదు. ఎంత బుద్ధిమంతురాలో అని తల్లులు తమ పిల్లలకు ఆమెను చూపిస్తారు. ఆరోజు పాలు పారబోసే పని తప్పింది. నేను వంటగదిలోకి పోయి చాలాసేపు ఖాళీ గిన్నె తోముతూ ఉండిపోయాను.

తల్లి శుక్రవారాలు ఇంటికి ఫోన్ చేస్తుందని తెలుసు. వీడియోలో పిల్ల ముఖం తిప్పుకుంటుందని తండ్రి చెప్పాడు. ఒక శుక్రవారం ఆమె నాకు చేసింది. పనిచేసే ఇల్లు మంచిదేనని, అక్కడ కూడా ఒక చంటిపిల్ల ఉందని, తానే చూసుకుంటుందని చెప్పింది. తరువాత గొంతు తగ్గించింది.

“నన్ను అడుగుతదా పెద్దమ్మా?”

“అడుగుతలేదు బిడ్డా.”

“మంచిదే,” అంది. “అలవాటైంది. మంచిదే. ఏడ్వకుంట ఉంటే సాలు.” వెంటనే మళ్లీ, “నిజంగనే అడుగుతలేదా?” అంది.

అడుగుతోందని చెప్పినా ఆమె తట్టుకోలేదు, అడగడం లేదన్నా తట్టుకోలేదు. నిజమే చెప్పానని చెప్పాను. ఫోన్ ఆమే పెట్టేసింది.

పోయిన సోమవారం ఒక కొత్త పిల్ల చేరింది, రెండేళ్లు కూడా నిండలేదు. పాట పెట్టారు, తల్లి జారుకుంది. పాట అయిపోయాక ఆ చిన్నది తిరిగి చూసి, గేటు ఊచలు పట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. నేను లేచి పోయేలోపు మన పిల్ల ఆమె దగ్గరకు పోయింది. ఎగతాళి చేయడానికి కాదు. చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలతో పెద్దవాళ్లు మాట్లాడినట్టు మెల్లగా అంది.

“ఏడ్వకు. మీ అమ్మ రాదు. దా, అన్నం తిందాం.”

వస్తుంది బిడ్డా, ఈ పిల్ల వాళ్ల అమ్మ సాయంత్రం వస్తుంది అన్నాను. మన పిల్ల నా మాట విన్నది. ఎదురు చెప్పలేదు, ముసలివాళ్లకు ఎదురు చెప్పకూడదని తెలిసిన పిల్లలా తల ఊపింది. చిన్నది ఊచలు వదిలేసింది. ఇద్దరూ పోయి చాప మీద కూర్చున్నారు. నేను పప్పన్నం కలిపి పెట్టాను. కొత్త పిల్ల తింటున్నంతసేపు మన పిల్ల ముఖమే చూసింది, గేటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.